విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి తెరచాప పడవలో: కాగితాల దగ్గర్నుంచి లంగరు దాకా

సొంత యాట్‌లో అండమాన్ వెళ్తున్నామని చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే, నడిసముద్రంలో భయం వెయ్యదా అని. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు. కింద అంత నీరున్నా, 26 మీటర్లే ఉన్నా పడవ తేలడంలో తేడా ఉండదు. నేను ఈ దారిలో టెన్షన్ పడ్డదంతా ఒడ్డు దగ్గరే. వలలు, లైటు లేని తెప్పలు, ఓడల రాకపోకలు, పగడపు దిబ్బలు అన్నీ అక్కడే ఉంటాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఒడ్డు దగ్గరి మొదటి రోజు, చివరి రోజు గురించే ఎక్కువ చెప్తాను. మధ్య రోజులు ఆ చివరి రోజుకి ఒంట్లో ఓపిక మిగుల్చుకోవడానికి.

నేను లెక్క వేస్తున్నది 38 అడుగుల, ఒకే మాస్టు (తెరచాప కట్టే స్తంభం) ఉన్న పడవకి. మనుషులు నలుగురు, సగటు వేగం 5 నాట్లు. అంటే గంటకి 5 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. ఇకపై మైలు అన్నప్పుడల్లా నాటికల్ మైలే.

ఎప్పుడు వెళ్లాలి

జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అప్పుడు ఈశాన్య గాలి నిలకడగా, చాలా రోజులు 10 నుంచి 15 నాట్ల మధ్య వీస్తుంది. మనం వెళ్లేది ఆగ్నేయానికి కాబట్టి గాలి ఎడమ పక్క నుంచి దాదాపు అడ్డంగా తగులుతుంది. పడవ హాయిగా, వేగంగా నడిచేది అలాంటి గాలికే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 8న అండమాన్ దీవులు దాటి 12న విశాఖ మీద పడింది. అంటే మనం వెళ్లే దారిలోనే ఎదురుగా, మనం ఆరు రోజుల్లో పోయే దూరాన్ని నాలుగు రోజుల్లో దాటేసింది. అలాంటిది ఎదురొస్తే తప్పుకునే వేగం తెరచాప పడవకి ఉండదు.

వాతావరణ శాఖ ఇచ్చే సముద్ర బులెటిన్లు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచే రోజూ చూడండి. పది రోజులెందుకంటే అంచనాకీ, నిజంగా వచ్చిన గాలికీ తేడా ఎంత ఉంటోందో మీకే ఒక అంచనా వస్తుంది. ఫిబ్రవరి నాటికి మన తీరం వెంట నీరు ఉత్తరానికి పారడం మొదలవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో దక్షిణానికి పారుతుంది. కొన్నిచోట్ల ఆ ప్రవాహం ఒక నాటు దాటుతుంది. 5 నాట్ల పడవకి అది చిన్న సంగతి కాదు.

దారిని వెనక నుంచి గీయండి

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. విశాఖ నుంచి మ్యాపు మీద గీత గీస్తే 650 మైళ్ల పైచిలుకు వస్తుంది. కానీ ఆ గీత మీద పడవ వెళ్లలేదు. ఊరు దక్షిణ అండమాన్ దీవికి తూర్పు పక్కన ఉంది, మనం వచ్చేది పడమటి పక్క నుంచి. పైగా గీత చివర్లో దాని పక్కనే నార్త్ సెంటినెల్ దీవి ఉంది. ఆ దీవికి 5 మైళ్ల లోపు పోవడం చట్టరీత్యా నిషేధం. అక్కడి మనుషులు బయటివాళ్లు రావద్దంటున్నారు, మన జలుబు కూడా వాళ్ల ప్రాణం తీయగలదు. నేనైతే 5 కాదు, 30 మైళ్ల దూరం పెట్టుకుంటాను.

అందుకని దక్షిణం నుంచి, రట్లాండ్ దీవికీ లిటిల్ అండమాన్‌కీ మధ్య ఉన్న డంకన్ జలసంధి గుండా తిరిగి రావాలి. నా గీత ఇలా ఉంటుంది. విశాఖ నుంచి 11 డిగ్రీల 10 నిమిషాల ఉత్తరం, 91 డిగ్రీల 45 నిమిషాల తూర్పు దాకా సుమారు 630 మైళ్లు. అది నార్త్ సెంటినెల్‌కి నైరుతిగా, చుట్టూ ఏమీ లేని నీళ్లు. దాన్ని ‘ఆగే చోటు’ అనుకుందాం. అక్కడి నుంచి తూర్పుకి జలసంధి దాటడానికి 60 మైళ్ల పైన, తర్వాత ఉత్తరానికి తిరిగి రేవు దాకా 35 మైళ్లు. మొత్తం 725 మైళ్ల దాకా, ఆరు నుంచి ఏడు రోజులు. మీ గీత మాత్రం మీరే తాజా చార్టు మీద గీసుకోండి.

తాజా చార్టు అని ఊరికే అనడం లేదు. 2004 డిసెంబరు భూకంపానికి నార్త్ సెంటినెల్, ఉత్తర అండమాన్ పడమటి తీరం ఒక మీటరు పైగా పైకి లేచి పగడపు దిబ్బలు నీటి బయటికొచ్చాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కుంగింది. పాత చార్టులోని లోతులు ఇక్కడ నమ్మడానికి లేదు. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ చార్టునే సవరణలతో సహా తీసుకోండి. అదే ఆఫీసు నావ్‌ఏరియా 8 అనే పేరుతో మన చుట్టూ ఉన్న సముద్రాలకి హెచ్చరికలు కూడా ఇస్తుంది. శ్రీహరికోట రాకెట్ల భాగాలు పడే చోట్లు, ఒడిశా తీరం నుంచి క్షిపణి పరీక్షలు జరిగే చోట్లు వాటిలో తేదీలతో ఉంటాయి. బయల్దేరే ముందురోజు సాయంత్రం మరోసారి చూడండి.

కాగితాలు, ఒడ్డు మనిషి

పోర్టు, కస్టమ్స్, కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు, ఈ నాలుగు చోట్లా పడవ కాగితాలు, మనుషుల గుర్తింపు కార్డులు, దారి, తేదీలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. విశాఖ తూర్పు నావికాదళ కేంద్రం కూడా కాబట్టి రేవులో మన ఇష్టం వచ్చినట్టు తిరగడం కుదరదు. వీహెచ్ఎఫ్ రేడియోకి లైసెన్సు ఉండాలి. శాటిలైట్ ఫోన్ల విషయంలో మరీ జాగ్రత్త. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లు దగ్గరుంచుకోవడమే నేరం. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లు అక్కడ కొన్న శాటిలైట్ మెసెంజర్లను బ్యాగులో వేసుకొచ్చేస్తుంటారు. అలా తేవద్దు.

ప్రమాద సంకేతం పంపే ఎపర్బ్ మాత్రం తప్పనిసరి. దాన్ని బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రంలో మీ పడవ పేరు మీద నమోదు చేయించండి. నమోదు కాని ఎపర్బ్ మోగితే అది ఏ పడవదో, ఎవరికి ఫోన్ చేయాలో వెతుకుతూనే గంటలు గడిచిపోతాయి.

ఇక ఒడ్డు మనిషి. స్నేహితుల్లో, బంధువుల్లో కంగారు పడని ఒకరికి ఒకే ఒక్క కాగితం ఇవ్వండి. పడవ ఫొటో, రంగు, నలుగురి పేర్లు, వాళ్ల మందులు, దారి, చేరాల్సిన రోజు, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘ఈ తేదీ మధ్యాహ్నం దాకా కబురు రాకపోతే 1554కి ఫోన్ చెయ్యి’ అని. అది కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు. నేను ఎనిమిదో రోజు రాస్తాను. మరీ ముందు రాస్తే గాలి పడిపోయి ఆలస్యమైనప్పుడు అనవసరంగా హడావుడి అవుతుంది.

పడవని తడిమి చూడండి

మాస్టుని పట్టి ఉంచే స్టీలు తీగల్ని కంటితో చూస్తే సరిపోదు. టిష్యూ కాగితం తీసుకుని ప్రతి తీగనూ కింది అతుకు దగ్గర తుడవండి. ఒక్క పోగు తెగి ఉన్నా కాగితం అక్కడ చిక్కుకుని పీచు మిగులుతుంది. అలా చిక్కితే ఆ తీగ మార్చేదాకా ప్రయాణం లేదు.

ఇంజిన్ ఆగిపోవడానికి నాకు తెలిసి ఎక్కువసార్లు కారణం మురికి. రేవులో కదలకుండా ఉన్నన్నాళ్లూ ట్యాంకు అడుగున పేరుకున్నదంతా మొదటి పెద్ద అలలకి కలిసిపోయి ఫిల్టరుకి అడ్డుపడుతుంది. ట్యాంకు ముందే కడిగించండి. నాలుగు ఫిల్టర్లు అదనంగా పెట్టుకోండి. ఫిల్టరు మార్చి, లైన్లో గాలి తీసి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయడం నలుగురూ ఒక్కోసారి తమ చేతులతో చేసి చూడాలి.

మిగతావి క్లుప్తంగా: పడవ అడుగున ఉన్న ప్రతి రంధ్రం పక్కనా దానికి సరిపడే చెక్క బిరడా తాడుతో కట్టి ఉండాలి. నీరు తోడే పంపు కరెంటుది ఒకటి, చేత్తో కొట్టేది ఒకటి. చుక్కాని చక్రం పాడైతే బిగించే కర్రను ముందే బిగించి తిప్పి చూడాలి. ఆరుగురు పట్టే లైఫ్ రాఫ్ట్ సర్వీసు తేదీ దాటకూడదు. కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) నుంచి ముందు కొన దాకా రెండు పక్కలా బద్దీ తాళ్లు కట్టాలి. ఒంటికి కట్టుకునే పట్టీల, అంటే హార్నెస్, కొక్కెం ఆ తాడుకే తగిలిస్తాం.

కాకినాడ దాకా ఒక రాత్రి

అసలు ప్రయాణానికి రెండు వారాల ముందు అదే నలుగురితో కాకినాడ వెళ్లి రండి. 70 మైళ్ల పైచిలుకు. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే తెల్లారేసరికి హోప్ ఐలండ్ వెనక ప్రశాంతమైన నీళ్లలో ఉంటారు. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి, వచ్చేటప్పుడు ఎదురు. రెండు రకాల నడకా తెలుస్తుంది. ఎవరికి వాంతులవుతాయో, ఎవరు రాత్రి మెలకువగా ఉండలేరో కూడా తెలుస్తుంది. కాకినాడ దాటి దక్షిణానికి పోతే చమురు, గ్యాస్ ప్లాట్‌ఫాంలు వస్తాయి. వాటి చుట్టూ 500 మీటర్ల లోపు వెళ్లకూడదు.

మా మొదటి రిహార్సల్‌లో పూడిమడక ఎదురుగా రాత్రి రెండింటికి చీకట్లోంచి ఒక టార్చి వెలిగి ఆరింది. నేను చేపలు పడుతున్నారనుకుని అలాగే పోనిచ్చాను. టార్చి మళ్లీ మూడుసార్లు వెలిగింది. తర్వాత గొంతు వినబడింది, “బాబూ, ఇటు రాకండి, వలుంది! సముద్రం వైపు తిప్పండి!” చుక్కాని తిప్పేసరికి పడవ పక్కనే థర్మోకోల్ ముక్కలు వరసగా తేలుతూ కనిపించాయి. ఆ ఊరివాళ్లు చిన్న ఫైబర్ బోట్లలో ట్యూనా కోసం చాలా దూరం వెళ్తారు. ఆ బోట్లు మన ఏఐఎస్ (ఓడలు తమ జాడ రేడియోలో చెప్పుకునే పరికరం) తెర మీద కనిపించవు. అందుకని టార్చి ఊపితే దాన్ని హెచ్చరిక అనుకోండి. వేగం తగ్గించండి, మీరూ టార్చి వేసి చూశామని చెప్పండి, వాళ్లు చూపించిన వైపు తిరగండి. వల మీదికి వెళ్లిపోయామని తెలిస్తే మొదటి పని ఇంజిన్ గేరు తీసేయడం. తీయకపోతే, ఫ్యానుకి చుట్టుకున్న నైలాన్‌ని కత్తితో నీళ్లలోకి దిగి కోయాల్సిందే. వాళ్ల వల తెగితే నష్టం కట్టివ్వండి, వాళ్ల బతుకు అదే.

నీళ్లు, వంట

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 4 లీటర్లు. ఆరు రోజుల ప్రయాణానికి పన్నెండు రోజుల లెక్కన 200 లీటర్లు, అదీ కనీసం రెండు ట్యాంకుల్లో, పైన కొన్ని క్యాన్లలో. ఒక ట్యాంకులోకి ఉప్పునీరు దిగినా రెండోది మిగులుతుంది.

ఊగే పడవలో ప్రెషర్ కుక్కర్‌ని మించిన గిన్నె లేదు. మూత లాక్ అవుతుంది, పడినా ఒలకదు. పప్పు, అన్నం, కిచిడీ అన్నీ అందులోనే. మొదటి రెండు రోజులకి పులిహోర, దద్దోజనం, ఉడికించిన గుడ్లు ఇంటి దగ్గరే చేయించుకోండి, అప్పుడు ఎవరికీ వంట చేసే స్థితి ఉండదు. అటుకులు, మరమరాలు, అల్లం మురబ్బా అందరికీ అందే చోట పెట్టండి. వాంతుల మాత్ర డాక్టరుని అడిగి బయల్దేరే ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పడవ అడుగుకి దిగి నిలబడిపోతుంది. వంట అవ్వగానే సిలిండర్ దగ్గర వాల్వు కట్టేయాలి, స్టవ్ దగ్గర నాబ్ కట్టేస్తే చాలదు.

గాలి ఎడమ నుంచి కాబట్టి పడవ ఈ ఆరు రోజులూ కుడివైపుకే ఒరిగి ఉంటుంది. కుడి బంకుల్లో పడుకుంటే దొర్లిపడరు. ఎడమ అల్మరాల తలుపులకి తాడు కట్టండి. కుడివైపు సింకు గొట్టం వాల్వు మూసి ఉంచండి, లేకపోతే సముద్రం సింకులోంచి లోపలికొస్తుంది.

బయల్దేరే రోజు

తెల్లవారుజామున ఆరింటికి రేవు దాటండి. విశాఖ దగ్గర నేల తొందరగా లోతుకి దిగిపోతుంది. సాయంత్రానికి 50, 60 మైళ్లు లోపలికి పోతే వలల బెడద చాలావరకు తప్పుతుంది. ఈ మొదటి పన్నెండు గంటలూ ఇద్దరు పైనే ఉండాలి, ఒకరు ముందు కొన దగ్గర నీటినే చూస్తూ. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మనం వెళ్లేది వేట జోరుగా సాగే రోజుల్లో.

వాచ్, రీఫ్

రాత్రి తొమ్మిది నుంచి ఒక్కొక్కరు మూడేసి గంటలు కాపలా, అదే వాచ్. డ్యూటీలో ఉన్నవాళ్లకి తర్వాతి మనిషి స్టాండ్‌బై, బట్టలతోనే పడుకుంటారు. ఎంత చిన్న అనుమానం వచ్చినా లేపాలి, లేపినందుకు ఎవరూ విసుక్కోకూడదు. ఇది బయల్దేరే ముందే నలుగురూ ఒప్పుకోవాలి.

పది నిమిషాలకోసారి లేచి నిలబడి చుట్టూ చూడాలి. 20 నాట్ల ఓడ పన్నెండు నిమిషాల్లో 4 మైళ్లు వస్తుంది. మంచు పట్టిన రాత్రి మనకి కనిపించేది కూడా అంతే. ఓడ లైటు కనిపిస్తే చేతి దిక్సూచితో దాని దిక్కు చూడండి, మూడు నిమిషాలకి మళ్లీ చూడండి. దిక్కు మారకుండా లైటు పెద్దదవుతుంటే అది మన మీదికే వస్తోంది. వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానెల్లో పిలవండి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ముందే పెద్దగా దారి మార్చండి.

కేబిన్ మెట్ల మీద ఉండగానే కొక్కెం తగిలించి పైకి రావాలి. రాత్రి ఒంటరిగా ఎవరూ కాక్‌పిట్ దాటకూడదు. మనిషి నీళ్లలో పడితే చేయాల్సినవి వరసగా: అరవడం, తేలే వలయం, లైటు విసరడం, జీపీఎస్‌లో ఎంఓబీ (మనిషి పడ్డ చోటు గుర్తుపెట్టే) బటన్ నొక్కడం, ఒకరు చెయ్యి చాచి నీళ్లలో ఉన్న మనిషినే చూపిస్తూ నిలబడడం. ఆ చూపించే మనిషి ఇంక ఏ పనీ ముట్టుకోడు. రెండు మీటర్ల అలల మధ్య తల అర నిమిషంలో కనిపించకుండా పోతుంది.

గాలి 15 నాట్లు దాటి పెరుగుతుంటే తెరచాప తగ్గించాలి, దాన్నే రీఫ్ అంటాం. నేను ప్రతి సాయంత్రం చీకటి పడకముందే ఒక రీఫ్ వేసేస్తాను. అర నాటు వేగం పోతుంది, నిద్ర దక్కుతుంది. పద్ధతి ఇది: మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) తాడు వదిలి చాపలో గాలి తీసేయండి, బూమ్ (చాప కింది అడ్డకర్ర) కిందికి పడకుండా దాన్ని పట్టే పై తాడు బిగించండి. చాపని పైకి లాగిన తాడు గుర్తు దాకా వదలండి. చాప ముందు అంచులోని రింగుని కొక్కేనికి తగిలించి, చాపని పైకి లాగే ఆ తాడుని మళ్లీ గట్టిగా లాగండి. తర్వాత వెనక రీఫ్ తాడు. చివర్లో చాపకి గాలి పట్టించండి. ఆరు రోజులు ఒకే వైపు నడకలో తాడు ఒకే చోట ఒరుసుకుంటుంది. రోజూ ఉదయం ప్రతి తాడునీ కొద్దిగా ముందుకో వెనక్కో జరపండి.

నడి రోజుల్లో

గంటకోసారి పుస్తకంలో టైము, అక్షాంశం, రేఖాంశం, దిశ, వేగం, బారోమీటర్ రాయాలి. జీపీఎస్ ఆగిపోతే ఈ పుస్తకమే దిక్కు. బంగాళాఖాతంలో పీడనం రోజూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఉదయం, రాత్రి పదింటికి ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటికి తక్కువ. అందుకని నిన్న ఇదే టైముకి ఎంతుందో దాంతోనే పోల్చండి. ఆ వేళకి ఉండాల్సిన దానికంటే 3 హెక్టోపాస్కల్స్ తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే దగ్గర్లో తుపాను ఉన్నట్టే లెక్క. గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే అల్పపీడనం మీ కుడి చేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. దానికి దూరంగా తిరగండి.

ఒక్క పని మాత్రం సరదాకి కూడా చేయండి. ధ్రువ నక్షత్రం క్షితిజానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే మన అక్షాంశం సుమారుగా అంత. చెయ్యి చాచి పట్టిన పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. విశాఖలో ఆ నక్షత్రం రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ ఎత్తున ఉంటుంది. రోజుకో డిగ్రీ చొప్పున దిగుతూ అండమాన్ దగ్గర ఒక పిడికిలికి కాస్త పైన ఉంటుంది. దక్షిణాన అగస్త్య నక్షత్రం అంతే చొప్పున పైకి లేస్తుంది.

ఆగే చోటు, ఆపైన చివరి రోజు

ఆరింటికి బయల్దేరిన పడవ 5 నాట్ల మీద ఆరో రోజు మధ్యాహ్నానికి ఆగే చోటికి వస్తుంది. అక్కడ ఆగండి. వెంటనే పోతే జలసంధిలోని బ్రదర్స్, సిస్టర్స్, పాసేజ్ దీవుల మధ్యకి అర్ధరాత్రి వెళ్తారు. పడవని నడిసముద్రంలో నిలపడానికి హీవ్ టు చేస్తాం. ముందు చాప తాడు వదలకుండా పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి అవతలి పక్కకి దాటిస్తే ఆ చాప తప్పు వైపు నుంచి గాలి పట్టుకుంటుంది. మెయిన్ సెయిల్ కాస్త వదిలి, పడవ మళ్లీ గాలివైపే తిరగాలని చూసేలా చుక్కానిని కట్టేయండి. ముందు చాప ఒకవైపు నెడుతుంటే, చుక్కాని రెండోవైపు తిప్పుతుంటుంది. ఊపు ఒక్కసారిగా తగ్గిపోతుంది. పడవ గంటకి ఒకటి రెండు మైళ్లు మెల్లగా కొట్టుకుపోతుంటుంది, కాబట్టి ఒకరు వాచ్‌లో ఉండాల్సిందే. మిగతా ముగ్గురూ వేడి అన్నం తిని నిద్రపోండి.

రాత్రి ఎనిమిదింటికి కదిలితే తెల్లారేసరికి జలసంధి ముందుంటారు. దాటాక ఉత్తరానికి తిరిగిన చివరి 35 మైళ్లు ఈశాన్య గాలి ఎదురు. డీజిల్ దాచుకోవాల్సింది దీనికే. గంటకి రెండు, రెండున్నర లీటర్ల లెక్కన కనీసం 40 లీటర్లు ఇక్కడికి మిగలాలి. ఇక్కడ పొద్దు విశాఖ కంటే అరగంట దాకా ముందే గుంకుతుందని మర్చిపోవద్దు. మధ్యాహ్నం రెండింటికి ఇంకా 20 మైళ్లుంటే రేవు ఆశ వదిలేసి, తూర్పుకి తిరిగి బయటి నీళ్లలో రాత్రి గడపండి. ఎదురుగా దీపాలు కనిపిస్తుంటే వెనక్కి తిరగడం కష్టం. నలుగురూ అలిసిపోయి ఉంటారు, ఇల్లు గుర్తొస్తుంది. అయినా తిరగండి.

రేవుకి రెండు గంటల ముందే 16వ చానెల్లో పోర్టు కంట్రోల్‌ని పిలిచి పడవ పేరు, ఎక్కడి నుంచి వస్తున్నదీ, మనుషుల సంఖ్య చెప్పండి. వాళ్లు చూపించిన చోటే లంగరు వేయాలి. లోతుకి ఐదు రెట్లు గొలుసు వదిలి, ఇంజిన్ రివర్స్‌లో మెల్లగా లాగి చూడండి. ఒడ్డున రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని పది నిమిషాలు గమనించండి. అవి కదలకపోతే లంగరు పట్టినట్టు. ఇంజిన్ ఆపి, పుస్తకంలో టైము రాసి, ఒడ్డు మనిషికి ఫోన్ చేయండి. 1554 రాసి ఉన్న ఆ కాగితం చింపేయమని చెప్పాకే పడుకోండి.